నల్లపెట్టె హత్యకేసులో గళ్ల వేలిముద్ర

"ఈ భూమ్మీద ఏ నేరమూ నా కంటి ముందు నుంచి తప్పించుకుపోలేదక్కా! నాది చూపు కాదు, ఎక్స్‌రే!"

శనివారం పొద్దున్నే మా తమ్ముడు మా గుమ్మంలో అడుగు పెడుతూ చేసిన ప్రకటన ఇది. అప్పటికి వాడు చొక్కా గుండీలు ఒక కాజా తేడాగా పెట్టుకుని ఉన్నాడు. ఎడమవైపు కాలరు చెవిని పలకరిస్తోంది.

వాడు పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. ఊళ్లో వాళ్లందరికీ చూపు సరిచేసి, మిగిలిన సమయంలో డిటెక్టివ్‌గా వెలుగుతుంటాడు. ఎవరూ వెలగమనలేదు, తనంతట తనే. చివరగా పట్టిన కేసు పక్కింటివాళ్ల పిల్లి మాయమైనది. దానికోసం వాడు సైకిలు వేసుకుని వీధి వీధీ గాలించాడు. పిల్లి వాడి సైకిలు బుట్టలోనే కూర్చుని, ఊరంతా చూసి, క్షేమంగా ఇల్లు చేరింది. "కేసు క్లోజ్!" అన్నాడు.

"ఆ వేలికేమైందిరా?" అన్నాను. కుడి బొటనవేలికి దళసరిగా గాజుగుడ్డ కట్టి ఉంది.

"డ్యూటీలో తగిలిన గాయం."

"ఏ డ్యూటీ?"

"అద్దం అరగదీస్తుంటే పెచ్చు గుచ్చుకుంది. సరేగానీ, అత్తయ్యగారి కళ్లజోడు బాగుచేసి తెచ్చాను. ఏమైనా అనుమానాస్పద సంఘటనలు జరిగాయా ఇంట్లో?"

"జరగలేదు. ఇవాళ జరగనివ్వకు కూడా. సాయంత్రం దాని డాన్సు ఉంది."

'అది' అంటే మా ఆడపడుచు. చిన్నప్పుడు జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. అయినా నాట్యం చేస్తుంది. చెవులతో కాదు, పాదాలతో వింటుంది. చెక్కనేల మీద సబ్‌వూఫర్ అనే పెద్ద స్పీకరు పెట్టెని ఉంచి పాట వేస్తే, అందులోంచి వచ్చే లోతైన దరువు నేలలోంచి అరికాళ్లకి ఎక్కుతుంది. ఆ దరువే దానికి తాళం. ఈ సాయంత్రం ఊరి హాల్లో మొదటిసారి ఒంటరిగా చేయబోతోంది. డాన్సు స్కూలు వాళ్ల పెట్టె పోయిన వారమే గొంతు చించుకుని మూలపడింది. దాంతో మా ఆయన ఊరంతా తిరిగి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఎవరో సంగీతకారుల దగ్గర ఒక పెద్ద నల్ల పెట్టెని చవగ్గా కొనుక్కొచ్చారు.

చవగ్గా ఎందుకిచ్చారో ఇంటికొచ్చాక తెలిసింది. అది నూట పది వోల్టుల దేశం నుంచి వచ్చిన పెట్టె. మన గోడలో ఉన్నది రెండు వందల ముప్పై. నేరుగా పెడితే మటాషే.

మెకానిక్ గురువారం వచ్చి వెనక పలక మీద టార్చి వేసి చూశాడు. "స్విచ్చున్న మోడల్ కాదు సార్. విప్పాల్సిందే. లోపల ట్రాన్స్‌ఫార్మర్‌కి రెండు తీగచుట్లుంటాయి. అక్కడి కరెంటుకి రెండూ పక్కపక్కన నిలబడి పనిచేస్తాయి. మన కరెంటు రెట్టింపు కదా, అందుకని ఒకదాని వెనక ఒకటి కలపాలి. అప్పుడు దెబ్బ చెరిసగం పంచుకుంటాయి."

"మొగుడూ పెళ్లాల్లా అన్నమాట," అన్నారు మా అత్తగారు ముచ్చటపడి. "మరి ఆ గాజుగొట్టం ఏమిటి నాయనా?"

"ఫ్యూజమ్మా. అది అత్తగారు. ఎక్కడ ఏం తేడా వచ్చినా ముందు తనే భగ్గుమంటుంది."

మా ఆయన దగ్గారు. నేను వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను. అత్తగారు ఆ క్షణం నుంచి ఆ పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు.

శనివారం మధ్యాహ్నం వచ్చి మార్చిపెడతాననీ, అప్పటిదాకా ఎవరూ ప్లగ్గు పెట్టొద్దనీ చెప్పి మెకానిక్ వెళ్లాడు. మా ఆయన ఇంట్లో అందరికీ ఆ మాట చెప్పారు. చెప్పి, ముందుచూపుతో దాని బల్లపరుపు పిన్నుల ప్లగ్గుకి మన గోడలో పట్టే అడాప్టర్ తొడిగి మరీ నేల మీద పెట్టారు. మా ఇంట్లో ముందుచూపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

సరే, శనివారం పొద్దుటికి వద్దాం. తమ్ముణ్ణి హాల్లో కూర్చోబెట్టి కాఫీ కలపడానికి వెళ్లాను. ఇంతలో హాల్లోంచి "టప్" మని చప్పుడు. వెనకే ఏదో మాడిన వాసన. నా స్టవ్వు మీది పాలేమోనని చూసుకుని, హాల్లోకి పరుగెత్తాను. తమ్ముడు లేడు. బాల్కనీలో పూలకుండీ వెనక బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఏమిట్రా అది?"

"ష్! పేలుడు. నా చెవికి అతి దగ్గరగా. తుపాకి మందు వాసన కూడా వచ్చింది."

"ఎవరిదో టైరు పగిలుంటుంది. లేచిరా, కాఫీ చల్లారిపోతుంది."

లోపలికొచ్చి టేబుల్ ఫ్యాను ముందు కూర్చున్నాడు. "మీ ఫ్యాను మహా మొండిదక్కా. రెండోసారికిగానీ తిరగలేదు," అంటూ కాఫీ తాగేశాడు.

నేనూ పట్టించుకోలేదు. ఆడవాళ్లకి శనివారం పొద్దున ఆలోచించే తీరికుంటే సగం డిటెక్టివ్ కథలు మొదటి పేజీలోనే అయిపోతాయి.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. పెట్టెని తిప్పి, వెనక ఉన్న ఫ్యూజు మూత తీసి, గాజుగొట్టాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. లోపలంతా నల్లటి మసి.

"ఎవరు పెట్టారమ్మా దీన్ని గోడలో?"

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా ఆడపడుచు మెకానిక్ పెదవులు చదివింది. ముందు పెట్టెని చూసింది, తర్వాత గోడ గడియారాన్ని. దాని చేతులు ఏ మాటా చెప్పకుండా ఒళ్లో పడిపోయాయి. నాకు అదే భయం వేసింది. ఎప్పుడూ తగువులాడుతూ, వెక్కిరిస్తూ గలగలలాడే చేతులవి.

"బతికుందా లేదా చెప్పవయ్యా," అన్నారు మా ఆయన.

"ఎలా చెప్పను సార్? ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలిపోయుంటే ఇంకేమీ చెయ్యలేం. కాలకపోయినా, విప్పి చుట్లు వెతికి కలిపేసరికి సాయంత్రం దాటిపోతుంది. లోపలంతా జిగురు పోసేశారు వాళ్లు."

సరిగ్గా అప్పుడే వెనకనుంచి మా తమ్ముడి గొంతు మోగింది.

"ఎవరూ కదలొద్దు! ఇది ప్రమాదం కాదు. హత్య!"

"పెట్టెనా?" అన్నారు అత్తగారు.

"పెట్టెనే. పకడ్బందీ పథకం ప్రకారం, పట్టపగలు, నట్టింట్లో! ఆ ఘోరం జరిగిన క్షణంలో నేను ఈ గదిలోనే ఉన్నాను. చప్పుడు విన్నాను. వాసన చూశాను. హంతకుడు నాకు చేయి చాపినంత దూరంలో ఉన్నాడు!"

"మరి పట్టుకోకపోయావా?"

"కనబడలేదత్తయ్యగారూ. అదే వాడి ప్రతిభ."

ఆ తర్వాత గదిలో అటూ ఇటూ నడుస్తూ ఒక్కొక్కరినీ భూతద్దంలోంచి చూశాడు. అద్దం వెనక వాడి కన్ను గుమ్మడికాయంత అయింది.

"అత్తయ్యగారూ. పొద్దున ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

"స్నానాలగదిలో."

"సాక్షులెవరు?"

"నోరు కడుక్కో అబ్బాయ్!"

"గురువారం ఈ మెకానిక్ మిమ్మల్ని ఫ్యూజుతో పోల్చాడని బావ చెప్పారు. ఆ అవమానం మనసులో రగులుతోంది. రగిలి రగిలి పొద్దున..."

"చూశావా మళ్లీ!" అత్తగారు మెకానిక్ వైపు తిరిగారు. "ఊరంతా చెప్పుకుంటున్నారు!"

"బావా, మీరు?"

"నా డబ్బు పోసి నేనే కొని, నేనే కాల్చుకుంటానా?"

"ఒకే కారణం ఉంది. మీరు సంగీతాన్ని ద్వేషిస్తారు. పెళ్లిచూపుల్లో అక్క పాడుతుంటే మీరు లేచి వెళ్లిపోయారు."

"దగ్గొచ్చి వెళ్లానయ్యా!"

"ఇరవయ్యేళ్లుగా మీరు చెప్తున్నది అదే." భూతద్దం మెకానిక్ మీదికి మళ్లింది. "ఇక తమరు. పెట్టె కాలితే లాభం ఎవరికి? బాగుచేసేవాడికి!"

మెకానిక్ స్క్రూడ్రైవర్ని తన సంచీలో పడేసి, సంచీ మూతి బిగించాడు. "నేనెళ్తానమ్మా. ఇంత మాట పడ్డాక ఈ ఇంట్లో పని చెయ్యను."

"అయ్యో, కూర్చో నాయనా," నేను అడ్డుపడ్డాను. "వాడి మాటకి విలువేమిటి? కాఫీ తాగు."

"రెండు చెంచాల చక్కెర వెయ్యండి," అంటూ కూర్చున్నాడు. కోపంలో కూడా కొలత తప్పని మనిషి.

"మరి దాన్ని అడగవేం?" అత్తగారు కూతురి వైపు చూపించారు.

మా తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "ఆమె నిర్దోషి. ఆ కళ్లే చెప్తున్నాయి."

దాని ముందు నిలబడి, నేర్చుకున్న కాస్త సైగల్లో ఏదో చెప్పాడు. వాడి ఉద్దేశం 'నేను నిజం కనిపెడతాను' అని. చేతులు చెప్పింది మాత్రం 'నేను కుర్చీ తింటాను' అని. ఆర్నెల్ల క్రితం ఎవరూ అడక్కుండానే సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే, "డిటెక్టివ్‌కి అన్ని భాషలూ రావాలక్కా," అన్నాడు. మరైతే ఇంకో భాష ఏదీ ఎందుకు నేర్చుకోవడం లేదో నేనడగలేదు.

మామూలుగా అయితే అది పడీ పడీ నవ్వేది. వాడికి ఒక పేరు కూడా పెట్టింది. కళ్ల ముందు వేళ్లతో కళ్లజోడులా రెండు సున్నాలు చుట్టి, ఆ తర్వాత అరచేతిని గోడకి ఢీకొట్టినట్టు ఠపీమని ఆపుతుంది. ఇంట్లో వాడి ప్రస్తావన వస్తే అదే సైగ. ఇవాళ నవ్వలేదు, ఆ సైగా చెయ్యలేదు. 'పోనీలే, వెళ్లనని చెప్పేస్తాను' అని సైగ చేసి, గజిబిజిగా ఉన్న తన మేకప్ సామాను సర్దుకోవడం మొదలుపెట్టింది.

"సర్దకు!" అరిచాడు తమ్ముడు, దానికి వినబడదని మర్చిపోయి. "వేలిముద్రలు!"

దాని సామాన్లోంచి పౌడరు డబ్బా, నా అలమారులోంచి పార్శిళ్లు కట్టే వెడల్పాటి టేపూ లాక్కున్నాడు. స్విచ్చు మీద, అడాప్టర్ మీద, పెట్టె వెనక పలక మీద పౌడరు చల్లాడు. సగం మెకానిక్ కాఫీలో పడింది. టేపు ముక్కలు చింపి ఒక్కొక్క చోటా అంటించాడు. పలక మీద అంటించిన పొడుగాటి ముక్క రెండో కొస గాలికి ఊగుతోంది. ముందు అడాప్టర్ మీది టేపు ఊడదీసి, కిటికీ వెలుతురుకి పట్టి, భూతద్దంలోంచి చూసి, అదిరిపడ్డాడు.

"దొరికాడు!"

"ఎవరు?" అందరం ఒక్కసారే అన్నాం.

"ఇతను మామూలు నేరస్థుడు కాదు. ఇతని వేలికి గీతల్లేవు! గళ్లున్నాయి. నిలువూ అడ్డం చిన్న చిన్న గళ్లు, జల్లెడలాగా! ముద్ర పడకూడదని వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఎంత తెలివి! ఎంత కిరాతకం! వేలికి గుడ్డ చుట్టుకున్న మనిషి ఎక్కడున్నా సరే..."

వాడు టేపుని ఎత్తి పట్టుకున్నాడు, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్యన.

అందరి కళ్లూ ఆ బొటనవేలి మీద ఆగాయి.

మొదట లేచింది మా ఆడపడుచే. వచ్చి, వాడి చెయ్యి పట్టుకుని, ఆ కట్టువేలిని పౌడర్లో ముంచి, బల్ల మీద గట్టిగా నొక్కింది. నిలువూ అడ్డం చిన్న చిన్న గళ్లు. జల్లెడలాగా.

"అంటే," అన్నాడు మా తమ్ముడు, "హంతకుడు నా చేతిని వాడుకున్నాడు!"

"ఒరేయ్," అన్నాను. "పొద్దున ఫ్యాను రెండోసారికి తిరిగిందన్నావు. మొదటిసారి ఏ ప్లగ్గు పెట్టావు?"

వాడు ఫ్యాను వైపు చూశాడు. పక్కనే నేల మీద ఉన్న అడాప్టర్ వైపు చూశాడు. ఎక్స్‌రే కళ్లు నెమ్మదిగా పెద్దవయ్యాయి.

"ఒక ప్లగ్గు పెట్టాను... టప్ మంది... నేను బాల్కనీలోకి... కాదు, ముందు ఇది పీకి, రెండోది పెట్టి... ఆ తర్వాత బాల్కనీలోకి..." 

నాకు తిట్టాలనే ఉంది. కానీ వాడి మొహం చూస్తే నోరు రాలేదు. చిన్నప్పుడు నా బొమ్మని విప్పి మళ్లీ బిగించలేక నిలబడ్డప్పుడు ఉన్న మొహమే అది. వాడు దాని ముందుకెళ్లాడు. సైగలన్నీ మర్చిపోయినట్టున్నాడు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, పెదవులు విడివిడిగా కదుపుతూ, "నేనే చేశాను. నీ సాయంత్రం నేనే పాడుచేశాను," అన్నాడు.

అది మళ్లీ మేకప్ సామాను వైపు తిరిగింది. 

"ఉంటానక్కా," అని వాడు వెనక్కి తిరిగి గుమ్మం వైపు నడిచాడు. పాపం, నడక కూడా డిటెక్టివ్ నడకలా లేదు, మామూలు మనిషి నడకలా ఉంది.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టయింది. చూసుకుంటే, పెట్టె వెనక ఊగుతున్న టేపు కొస వాడి చొక్కా అంచుకి అతుక్కుని ఉంది. "వదలండి! నేరం ఒప్పుకున్నానుగా!" అని విసురుగా ముందుకి ఒక్క గుంజు గుంజాడు.

చర్రుమంది.

టేపుతో పాటు పెట్టె వెనక పలక మీదనుంచి అగ్గిపెట్టెంత నల్ల స్టిక్కరు ఒకటి ఊడొచ్చి వాడి వీపుకి అంటుకుంది. అదొక స్టిక్కరని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పలకలో పలకలా కలిసిపోయి ఉంది. దాని కింద చిన్న గుంట. గుంటలో బుల్లి ఎర్ర స్విచ్చు. స్విచ్చుకి అటువైపు నూట పది, ఇటువైపు రెండు వందల ముప్పై.

మెకానిక్ పౌడరు కాఫీ పక్కన పెట్టేశాడు. మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాడు. ఆ సంగీతకారులు, ఎవరైనా పొరపాట్న జరుపుతారేమోనని కాబోలు, అతి జాగ్రత్తగా మూసిపెట్టుకున్నారు. ముందుచూపు మా ఇంటి సొత్తే కాదన్నమాట.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నాను," అన్నాడు మెకానిక్ గొంతు సవరించుకుని. "ఇలాంటివి స్టిక్కరు కిందే ఉంటాయని."

"ఎప్పుడు చెబుదామనుకున్నావు?" అన్నారు అత్తగారు.

అతను వినిపించుకోనట్టు స్క్రూడ్రైవర్ కొసతో ఎర్ర స్విచ్చుని రెండు వందల ముప్పై వైపు జరిపాడు. లోపల చుట్లు విప్పి కలపాల్సిన పనంతా ఆ ఒక్క 'టిక్' తో అయిపోయింది. కొత్త ఫ్యూజు వేశాడు, పాతదానిలో సగం బలమున్నది. "వోల్టేజి రెట్టింపైతే కరెంటు సగం చాలు. పాత సైజే వేస్తే, కాలాల్సినప్పుడు కాలదు."

"ఇప్పుడు గోడలో పెట్టొచ్చా?" మా తమ్ముడు గుమ్మం దగ్గర్నుంచే అడిగాడు.

"నువ్వు మాత్రం పెట్టకు!" అన్నాం అందరం.

మెకానిక్ తన సంచీలోంచి ఒక బల్బు బోర్డు తీశాడు. కరెంటు ముందు బల్బులోంచి వెళ్లి, ఆ తర్వాతే పెట్టెలోకి వెళ్లేలా కలిపాడు. "బల్బు వెలుగుతూనే ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినట్టు. ఒకసారి మెరిసి మసకబారితే ప్రాణం ఉన్నట్టు. చూసుకోండి."

స్విచ్చు వేశాడు.

బల్బు భగ్గుమంది. మా ఆడపడుచు నా ముంజేతిని పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. బల్బు అలాగే వెలుగుతోంది.  తర్వాత మెల్లగా, అలిగి ఆలోచించుకుని రాజీకొచ్చిన మనిషిలాగా, బల్బు మసకబారింది. ఇంకా మసకబారి, తీగ ఎర్రగా మాత్రం మిగిలింది.

"ఫ్యూజు ముందే పోయి మిగతా అన్నిటినీ కాపాడింది," అన్నాడు మెకానిక్.

"అత్తగారంటే అదే మరి," అన్నారు మా అత్తగారు. రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఆ పెట్టె వైపు ప్రేమగా చూశారు.

బల్బు తీసేసి నేరుగా కలిపి పాట వేశారు. మాకు చెవిలో దరువు పడేలోగానే దాని మొహం మారింది. చెప్పులు వదిలేసింది. అరికాళ్లు నేలకి ఆనించి కళ్లు మూసుకుంది. బొటనవేళ్లు కదిలాయి. అలమారులో గిన్నెలు గలగలమన్నాయి. తర్వాత కళ్లు తెరిచి, రెండు చేతులతో గబగబా తిట్టడం మొదలుపెట్టింది. పెట్టె ఎత్తమనీ, ఆలస్యమైపోతోందనీ, తన పౌడరంతా తగలేశారనీ. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కేసు క్లోజ్!" అని గుమ్మం దగ్గర ఒక సన్నటి గొంతు వినిపించింది. మా ఆయన చెప్పు చేతిలోకి తీసుకున్నారు.

సాయంత్రం హాల్లో మా తమ్ముడు ఎక్కడా కనబడలేదు. సిగ్గుపడి రాలేదేమో అనుకున్నాను. అది వేదిక ఎక్కింది. పెట్టె వేదిక మూల నల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది. మొదటి దరువు పడింది, దాని మొదటి అడుగు పడింది. రెంటికీ మధ్య వెంట్రుకంత సందు లేదు. నా పక్కన కూర్చున్నావిడ ఎవరో, "ఈ పిల్లకి వినబడదని ఎవరన్నారు?" అంది. అత్తగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. బాగుచేసి తెచ్చిన జోడే, అద్దాలు కుడిఎడమైనట్టున్నాయి, అయినా పెట్టుకున్నారు.

చివర్లో చప్పట్లు కొడుతుంటే, వేదిక పక్కన తెర చాటున కదలిక కనబడింది. మా తమ్ముడు! గోడలోని ప్లగ్గుకి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి, ఎవరైనా వస్తే ప్రాణాలు అడ్డేస్తానన్నట్టు కాపలా కాస్తున్నాడు. మొదట్నుంచీ అక్కడే ఉన్నాడట. కాళ్లకి చెప్పులు లేవు. అరికాళ్లు రెండూ చెక్క మీద ఆనించి ఉన్నాయి. చొక్కా గుండీలు మాత్రం ఇంకా తేడాగానే ఉన్నాయి, వీపు మీద నల్ల స్టిక్కరు కూడా అలాగే ఉంది.

అది నమస్కారం పెట్టి, చెమటలు కారుతూ తెర వైపు వెళ్లింది. వాణ్ణి చూసి ఆగింది. కళ్ల ముందు రెండు సున్నాలు చుట్టింది. ఇక అరచెయ్యి గోడకి గుద్దుకుంటుందిలే అనుకున్నాను. గుద్దుకోలేదు. అరచేతిని తన గుండె మీద ఆనించి, మెల్లగా తట్టింది. ధన్. ధన్. ధన్. తర్వాత వెళ్లిపోయింది.

మా తమ్ముడు గాభరాగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా! నా పేరు మార్చేసింది! చివర్లో గోడ లేదు! గుండె మీద కొట్టుకుంది, చూశావా? నావల్ల గుండెపోటొచ్చేలా ఉందనా? ఇంకా కోపంగా ఉందంటావా? ఏమిటక్కా దానర్థం?"

వాడి చొక్కా గుండీలు విప్పి, సరైన కాజాల్లో పెట్టాను. వీపు మీది స్టిక్కరు ఊడదీసి చేతిలో పెట్టాను.

"ఎక్స్‌రే కళ్లు కదరా," అన్నాను. "కనిపెట్టుకో."